నాయన కాలికి కట్టిన బరువు

మొన్న హిందూపురం ఆస్పత్రిలో ఒక మంచానికి వేలాడుతున్న ఇసుక సంచి చూడగానే, ధర్మవరంలో చీరలు నేసిన మా నాయన గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు ఆయన మిద్దె మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, కాలికి తాడుకట్టి, మంచం చివర ఇసుక సంచి వేలాడదీయించాడు. నాయన పారిపోకుండా కట్టేశారనుకుని, ఏడుస్తూ ఆ సంచిని పైకెత్తాను.

"ఎత్తొద్దు పాపా! ఎముక పక్కకు జరిగుండాది. ఆ బరువే దాన్ని లాగి సరిగ్గా నిలబెడతాండాది," అన్నాడు నాయన పళ్ళు బిగించి.

"మళ్ళా మగ్గం తొక్కుతావా నాయనా?"

"తొక్కుతా. నీవే చూస్తువుగాని."

ఎముక అతికాక కర్ర పట్టుకుని నడక నేర్చుకున్నాడు. ఒకనాడు మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంతలోకి దిగి, ఆ కాలితోనే తొక్కాడు. వీధి పిల్లలందరినీ పిలుచుకొచ్చి చూపించాను.

వారాల తరబడి కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలియదు. తెలిశాక మా నాయన నాకు ఇంకా పెద్దవాడయ్యాడు.