బల్బు చల్లబడేదాకా

నా చిన్నప్పుడు, బడి నుంచి వచ్చాక ఇంట్లో నాతో మాట్లాడేది ఒక్క టీవీయే. నాన్న పటాన్‌చెరు దగ్గరి గడ్డపోతారంలో మందుల కంపెనీలో, అమ్మ ఆ దగ్గర్లోనే మాత్రలు ప్యాక్ చేసే చోట పనిచేసేవారు. ఇద్దరూ ఇల్లు చేరేసరికి చీకటి పడేది. మేము కృష్ణా జిల్లా నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళం. బడిలో నేను నోరు తెరిస్తే చాలు, నా యాసకు పిల్లలు పకపకా నవ్వేవారు. అందుకని నోరు కుట్టుకుని ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టుకుని, టీవీ ముందు కూర్చునేదాన్ని. వరి తెగుళ్ళ గురించి చెప్పినా సరే వినేదాన్ని. ఇంట్లో ఒక మనిషి గొంతు వినబడితే నాకు అదే పదివేలు.

మా వీధి కరెంటుకు మాత్రం నిలకడ లేదు. పోవడం ఒక బాధ అయితే, రావడం ఇంకో బాధ. తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్నేది. పక్కింటి ఖాలా టీవీ అలాగే కాలిపోయింది. ఖాలా అంటే పిన్ని. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఖాలాయే. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ టీవీని ఆయన సంగారెడ్డి నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. కాలిపోయినా ఆవిడ దాన్ని పారేయలేదు. పైన పూలు కుట్టిన గుడ్డ పరిచి, చాయ్ కప్పులు బోర్లించుకునేది.

ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. నేను టీవీ పెట్టబోతుంటే గోడ అవతలి నుంచి ఆవిడ పిలిచింది.

"బేటీ, ప్లగ్గు పెట్టకు. కరెంటు పిచ్చిగ ఉరికొస్తది. నా బలుబు సల్లబడ్డంక పెడుదువు. గప్పటిదాంక ఈడ కూసో."

అప్పటి నుంచి అదే మా పద్ధతి. కరెంటు పోగానే స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గే పీకేసి, ఖాలా వసారాలోకి వెళ్ళి కూర్చోవాలి. కరెంటు రాగానే అక్కడి బల్బు తెల్లగా భగ్గుమనేది. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ దాన్ని ఓరకంట చూసేది. వేడి తగ్గి పసుపురంగులోకి దిగితే, అది చల్లబడ్డట్టు. అయితే ఆ తీర్పు ఆవిడే చెప్పాలి. చెప్పేలోపు చాయ్ మరిగేది, తాగడం అయ్యేది, బస్సులో టీవీ వచ్చిన కథ మళ్ళీ ఒకసారి నడిచేది. నా యాసకు ఆవిడ ఒక్కనాడూ నవ్వలేదు. నాకు మాత్రం లోపల ఆత్రంగానే ఉండేది. తొందరపడితే ఇంట్లో ఉన్న ఆ ఒక్క గొంతూ కాలిపోతుందన్న భయంతో బుద్ధిగా కూర్చునేదాన్ని.

ఒకరోజు ఖాలా పెళ్ళికని సంగారెడ్డి వెళ్ళింది. నా కోసమే వసారా స్విచ్ వేసి ఉంచి వెళ్ళింది. కరెంటు పోయింది, వచ్చింది. నేను గోడ దగ్గర నిలబడి బల్బునే చూస్తున్నాను. అది భగ్గుమంది, కాసేపటికే పసుపురంగులోకి దిగింది. చాయ్ నీళ్ళు కూడా మరగనంత సేపు. ఇంకొంచెం ఆగి చూశాను, అలాగే నిలకడగా వెలుగుతోంది. భయపడుతూనే ప్లగ్గు పెట్టాను. టీవీకి ఏమీ కాలేదు, హాయిగా మాట్లాడింది. నేను ఎదురుగా కూర్చున్నాను గానీ ఒక్క ముక్క ఎక్కలేదు. ఇల్లు అంత బోసిగా అంతకుముందెప్పుడూ అనిపించలేదు. అమ్మ వచ్చేదాకా గోడ వైపే చూస్తూ ఉండిపోయాను.

ఖాలా తిరిగొచ్చాక మళ్ళీ కరెంటు పోయింది. నేను ప్లగ్గు పీకి, ఇంటికి తాళం వేసి వసారాలోకి వెళ్ళాను. కరెంటు వచ్చింది, బల్బు భగ్గుమని తగ్గింది. పసుపురంగు నాకు స్పష్టంగా కనబడుతూనే ఉంది. అయినా అడిగాను.

"ఖాలా, ఇక పెట్టొచ్చా?"

ఆవిడ బల్బు వైపు చూసింది, తర్వాత తాళం వేసి ఉన్న మా ఇంటి వైపు చూసింది.

"ఇంకా లేదు బేటీ. జెర కూసో."

నేను కూర్చున్నాను. ఆ తర్వాత ఎన్నడూ ఆవిడను తొందరపెట్టలేదు.

ఇప్పుడు పటాన్‌చెరులో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మా ఆయన పోయాక అలవాటు పడ్డాననే అందరితో చెబుతాను, అది నిజం కాదు. టీవీకి స్టెబిలైజరు ఉంది. ప్లగ్గు పీకే పని లేదని బిగించిన అబ్బాయి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. ఇప్పటి బల్బులు భగ్గుమనవు, చల్లబడవు, వాటిని చూస్తే ఏమీ తెలియదు. అయినా కరెంటు పోతే ప్లగ్గు పీకుతాను, వచ్చాక చాయ్ పెట్టుకుని కూర్చుంటాను.

నేను ఒంటరిగా ఉన్నానని జాలిపడి ఖాలా ఆ అబద్ధం ఆడిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆవిడ వయసుకు వచ్చాక అర్థమైంది, నేను లేచి వెళ్ళిపోతే ఆ వసారాలో మిగిలేది ఆవిడ ఒక్కతే. చాయ్ అయిపోయాక ప్లగ్గు చేతిలోకి తీసుకుని, ఎవరైనా వద్దంటారేమోనని ఆగుతాను. ఎవరూ అనరు. అప్పుడు ఆవిడ మాటను నా కృష్ణా జిల్లా నోటితో నేనే పైకి అనుకుంటాను, జెర కూసో అని. అని, ఇంకాసేపు కూర్చుంటాను.