కుర్చీ దిగిన సోషల్ సారు

"మన సోషల్ సారు పోయినాడప్పా," అని పోయిన సోమవారం డోన్ నుంచి నా బడి స్నేహితుడు ఫోన్ చేశాడు.

"ఎవరు చెప్పినారు? చూసినోళ్ళా, విన్నోళ్ళా?" అన్నాను. వాడు తిట్టలేదు. వాడూ ఆ సారు దగ్గర చదివినవాడే.

పుస్తకంలో ఏ ముక్క చదివినా సారు ఆపేవాడు. "ఎవరు రాసినారు? యాడ కూర్చొని రాసినారు?" పానిపట్టు యుద్ధాలు ఎన్నో తెలియకపోయినా ఊరుకునేవాడు గానీ, ఈ రెండూ అడక్కపోతే చెవి మెలిపెట్టేవాడు. నా ఎడమ చెవి ఇప్పటికీ కుడిదానికంటే కాస్త పొడుగు.

ఆ ప్రశ్నలు ఆయన నేర్చుకున్నది మా వీధిలోనే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఊళ్ళో ఏ ఇంటివాళ్ళు ఏ పని చేస్తారో రాయాలని బయలుదేరాడు. మడత కుర్చీ, పెద్ద రిజిస్టరు, వెనక నేను. మా వీధిలో కుర్చీ వేసుకొని పేర్లు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

మా అవ్వ ఇంట్లోంచి వచ్చి, ఆయన ముందు గొంతుక్కూర్చొని, "హాజర్ దొరా," అంది. ఆమె పక్కన ఇంకొకరు, ఆ పక్కన మరొకరు. పదకొండు మంది ముసలివాళ్ళు వరస కట్టారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

తెల్లదొరల కాలంలో మావాళ్ళను పుట్టుదొంగలని కాగితంలో రాశారు. రోజూ పొద్దుగూకేసరికి పోలీసు స్టేషన్ ముందు కూర్చొని హాజరు పలకాలి. ఆ చట్టం పోయి ఎన్నో ఏళ్ళయింది. మోకాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

సారు కలం ఆగిపోయింది. కుర్చీ మడిచి పక్కన పెట్టి, నేల మీద కూర్చున్నాడు.

"నేను పోలీసును కాదమ్మా, అయివారిని."

"కుర్చీ, పుస్తకం ఒకే మాదిరి ఉండాయి గదప్పా. మాకెట్ల తెలుస్తాది?"

"మరి పోలీసులు మిమ్మల్ని రాసుకోకముందు ఏం చేస్తాంటిరి?"

"ఎద్దుల మీద ఉప్పు మోస్తాంటిమి. రైలొచ్చె, ఉప్పు దాన్నెక్కె. మేం దోవన పడితిమి. దోవన తిరిగేటోడు దొంగ అని రాసిరి."

మర్నాడు తరగతిలో సారు పుస్తకం తెరవలేదు. "దొరలు వీళ్ళను దొంగలని రాసినారు. స్వతంత్రం వచ్చినాక మనోళ్ళు ఆ మాట తీసేసినారు. దాంతోపాటు వీళ్ళనూ పుస్తకంలోంచి తీసేసినారు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీ వీధి కథ నువ్వే రాయాల. నేను రాస్తే మళ్ళా కుర్చీ ఎక్కినట్లే," అన్నాడు.

నలభై ఏళ్ళు అదే మాట. ఎక్కడ కనిపించినా "రాస్తాండావా?" అనేవాడు. "ఇంకా కలం కొనల్యా సార్," అనేవాణ్ణి. నవ్వి, అక్కడికక్కడే ఒక కలం కొనిచ్చేవాడు. మా ఇంట్లో ఒక డబ్బా నిండా ఆయన కలాలే.

రెండు నెలల కింద కర్నూలు బస్టాండులో కలిశాడు. ఈసారి కొనివ్వలేదు. "ఆ పదకొండు మందీ పోయిరి. ఇంక ఆ పొద్దు చూసినోళ్ళం నువ్వూ నేనే," అన్నాడు. నేను ఎప్పటిలాగే నవ్వేశాను.

ఇప్పుడు నేనొక్కణ్ణే.

పరామర్శకు వెళితే సారు భార్య ఆ పాత రిజిస్టరు నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నాడప్పా," అంది. మా వీధి పేజీలో పదకొండు పేర్లున్నాయి. పక్కన 'వృత్తి' అన్న గడి పై నుంచి కింద దాకా ఖాళీ.

మూడు రోజులుగా నేల మీదే కూర్చుంటున్నాను, లేస్తున్నాను, మళ్ళీ కూర్చుంటున్నాను. కలం మూత తీసినప్పుడల్లా పదకొండు మంది మోకాళ్ళు ముడుచుకొని, వరసగా, నా ముందు కూర్చొని ఉన్నారు.