రెండు క్యారేజీలు తెచ్చిన అత్తగారు

మా చిన్నత్తగారు పోయారని సోమవారం పొద్దున్న తెలిసింది. బడికి బయల్దేరి స్కూటీ తీస్తుంటే వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "వదినా, అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందండీ" అంది. ఆ పిలుపు దగ్గరే ఆగిపోయాను. ఆవిడ అక్క కొడుక్కీ నాకూ విడాకులై మూడేళ్లు. కాగితాల ప్రకారం ఆవిడ నాకేమీ కారు. ఈ నాలుగు ముక్కలు రాయబోతే మాత్రం ఇంకోలా పిలవడం నాకు చేతకాలేదు.

ఆవిడ మా అత్తగారి చెల్లెలు. రాజోలు దగ్గర కాలవ గట్టున పెంకుటిల్లు. భర్త చిన్నవయసులోనే పోతే మిషను కుట్టి కూతుర్ని చదివించుకున్నారు. నా భర్తను పసితనంలో చంకనేసుకుని పెంచిందీ ఆవిడే. ఆయన మస్కట్‌లో పనిచేసేవారు. ఓసారి సెలవులకొచ్చి, అక్కడ తనకు వేరే మనిషి ఉందనీ, ఇక నాతో ఉండలేననీ నెమ్మదిగానే చెప్పారు. ఆయన తిరిగి వెళ్లిన మర్నాడు పాపను తీసుకుని పుట్టింటికని బయల్దేరాను. దారిలో ఈవిడ ఇంటి ముందు ఆటో ఆపించాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

వసారాలో కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీస్తున్నారు. అంతా విన్నారు. వింటూనే ఇంకో ఈనె గీరి కట్టలో పెట్టారు.

"రేపే లాయరుగారి దగ్గరికి వెళ్తానండీ" అన్నాను.

"వెళ్దువుగానమ్మా. ముందు ఉద్యోగం చూసుకో. కేసు వేసేక వెతుక్కుంటే భయంతో వెతుక్కుంటావు."

పుట్టింటికి వెళ్లనేలేదు, ఆ ఏడాదంతా అక్కడే ఉన్నాం. ఇప్పుడు తలుచుకుంటే అది సగం కలలా ఉంటుంది. కాలవలో గుర్రపుడెక్క మెల్లగా కదిలిపోవడం, గోడ మీద కొబ్బరాకుల నీడ ఊగడం, ఎక్కడో లోపల్నించి మిషను చప్పుడు, ఆ చప్పుడుకి పాప నిద్రపోవడం. మామిడికుదురులో చిన్న బడిలో లెక్కలు చెప్పే పని దొరికింది. నా పేరున బ్యాంకు ఖాతా తెరిపించి, "ఫోను నంబరు కూడా నీదే ఇవ్వు" అన్నారు. శుభలేఖ, పెళ్లి ఫొటో, పాప పుట్టిన సర్టిఫికెట్, మా నాన్నగారు నగలు కొన్న రసీదులు అన్నీ జిరాక్సు తీయించి, పాత పట్టు చీర ముక్కతో సంచీ కుట్టి అందులో పెట్టారు. ఆ సంచీ విప్పినప్పుడల్లా నాకు కళ్లు నిండేవి. "ఏడుపొస్తే ఏడు. కాగితం మీద పడనివ్వకు" అనేవారు.

ఆదివారాలు పాపను తన దగ్గర ఉంచుకుని, నన్ను ఒక్కదాన్నే రాజోలు హోటల్లో టిఫిన్ తిని రమ్మనేవారు.

"ఏం తిన్నావు?"

"పెసరట్టండీ."

"మొత్తం తిన్నావా?"

అందరూ నన్నే చూస్తున్నారనిపించి సగంలో లేచొచ్చేశాను.

"వచ్చే ఆదివారం మొత్తం తిందువుగాని" అన్నారు. నాలుగో ఆదివారం కాఫీ కూడా అడిగి తాగాను.

ఆయన్ని నేనెంత తిట్టినా వినేవారు, తను ఒక్క మాటా అనేవారు కాదు. "మీకు కోపం రాలేదాండీ?" అని అడిగాను ఓ రోజు. సూదిలో దారం ఎక్కిస్తూ, "వచ్చింది. వాడికే ఫోన్ చేసి చెప్పేను. మళ్లీ నీ దగ్గర అంటే ఆ బరువు నీ మీద పడుద్ది" అన్నారు. నన్ను వెనకేసుకొచ్చినందుకు మా అత్తగారు ఆవిడతో మాటలు మానేశారు. ఆ సంగతి ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. చాలా రోజులకి వాళ్ల అమ్మాయి చెప్పింది.

అత్తారింట్లో సామాను కోసం పోట్లాడదామనుకున్నాను. "పట్టుబట్టాల్సింది మంచం కోసం కాదమ్మా, పిల్ల చదువు కోసం" అన్నారు. పాప చదువు ఖర్చులే అడిగాను. ఆయన ఒప్పుకున్నారు.

ఆఖరి వాయిదాకి అమలాపురం కోర్టు వరండాలోకి ఆవిడ రెండు క్యారేజీలతో వచ్చారు. ఒకటి నా చేతిలో పెట్టారు. "వాడూ పొద్దుణ్నించి తినలేదమ్మా" అని నాతో చెప్పి, రెండోది పట్టుకుని వరండా అవతలి చివర నిలబడ్డ ఆయన దగ్గరికి నడిచారు. రెండింట్లోనూ పనసపొట్టు కూరే. ఆయన తల ఎత్తకుండా తిన్నారు. అన్నాళ్లూ మోసిన కోపం అక్కడే ఎక్కడో జారిపోయింది, నేను వెతుక్కోలేదు.

సోమవారం చివరి చూపుకి వెళ్తే గుమ్మంలో తటపటాయించాను. మా అత్తగారు చాప మీద కాస్త జరిగి, "ఇలా వచ్చి కూర్చో" అన్నారు. ఇద్దరం ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాం.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే సోమవారం చూసిన ఆ ముఖం కనబడదు. కోర్టులో పని అయిన రోజు సాయంత్రం కనబడుతుంది. ఇంటికి వెళ్లకుండా అంతర్వేది బస్సెక్కించారు. గోదారి సముద్రంలో కలిసే చోట, కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని మడమల లోతు నీళ్లలో నిలబడ్డారు. అల వెనక్కి పోయినప్పుడల్లా కాళ్ల కింద ఇసుక జారుతుంటే, చిన్నపిల్లలా నవ్వుతూ, పడిపోకుండా నా చిటికెన వేలు పట్టుకున్నారు.