మా ఆయన తొడ మీద బాణం గుర్తు

ఆ అమ్మాయి తెల్లకోటు మీద కుట్టిన అక్షరాలు మిగతావాళ్ల కోట్ల మీది అక్షరాల్లాగా లేవు. నేను మొట్టమొదట పట్టుకున్నది అదే. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగు అక్షరాలే, పిల్లల పెళ్లిళ్లు అయిపోయాక, రాత్రిబడిలో పలక మీద దిద్ది నేర్చుకున్నాను. అయితే ఆలస్యంగా నేర్చినవాళ్లం అక్షరాన్ని చదవకముందే దాని ఆకారం చూస్తాం. మార్కాపురంలో మా ఆయన్ను చేర్చిన ఆసుపత్రిలో డాక్టర్ల కోట్ల మీద, నర్సుల జేబుల మీద ఒకటే ముద్ర, ఒకటే రాత. ఈ పిల్ల కోటు మీద నీలం దారంతో వేరే ముద్ర ఉంది. పరాయి మంద గొర్రె మన మందలో కలిస్తే చెవి కోత చూసి పట్టేస్తాం. ఇదీ అంతే.

మా ఆయనకు కుడి గజ్జల్లో పేగు జారింది. నిలబడితే నిమ్మకాయంత ఉబ్బు, పడుకుంటే లోపలికి పోయేది. దాన్ని పంచె కట్టులో దాచుకుని ఏళ్ల తరబడి జీవాల వెంట తిరిగాడు. నాకు కూడా చాన్నాళ్లు చెప్పలేదు. ఈసారి యర్రగొండపాలెం అవతల అడవి అంచున మేపుతుంటే ఉబ్బు లోపలికి పోక, కడుపు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. తోడున్న కాపరి ఆటోలో వేసుకుని తెచ్చాడు. ఆసుపత్రి పెద్దడాక్టరు మెల్లగా అదిమి లోపలికి పంపి, "ఇంకోసారి ఇరుక్కుంటే పేగు కుళ్లిపోతాది పెద్దాయనా. ఇంక ఆగేది లేదు, కోసి సరిచేద్దాం" అన్నాడు.

కొయ్యడానికి నేను అడ్డం చెప్పలేదు. కొయ్యకపోతే మనిషి దక్కడని అర్థమైంది. ఎవరు కోస్తారన్నదే నాకు పట్టుకున్న గుబులు. పెద్దడాక్టరును నమ్మాను. తల నెరిసిన మనిషి, మాట తక్కువ, కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణకలేదు. అది కూడా చూశాను. కానీ ఆయన ఎక్కడికి పోతే అక్కడికి వెనకాలే ఈ పిల్ల. ఆయన ఏదో అంటాడు, ఈమె చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. మా ఆయన పొట్ట మీద ఆయన చెయ్యి వేస్తాడు, తర్వాత ఈమె వేస్తుంది. ఒక పొట్ట మీద ఇద్దరి చేతులు ఎందుకు?

మందులిచ్చే నర్సును అడిగాను. ఆమెది గిద్దలూరు వైపు, మాట కలుస్తుంది.

"ఆ పాప ఎవరు సిస్టరమ్మా?"

"యాడో విదేశంలో డాక్టరు చదువుతాంది అవ్వా. ఆపరేషన్లు చూసి నేర్చుకునేదానికి వచ్చింది. కొన్నాళ్లుండి పోతాది."

"వాళ్ల దేశంలో మనుషులకు జబ్బులు రావా?"

నర్సు నవ్వింది. "వస్తాయి. అక్కడ డాక్టరు దగ్గర నిలబడేదానికి కూడా సందు దొరకదంట. ఇక్కడైతే ఎక్కువ చూడొచ్చంట."

ఆ మాట నాకు రుచించలేదు. ఎక్కువ చూడొచ్చంటే ఏమిటి? మా పొట్టలు చవకగా దొరుకుతున్నాయనా?

పక్క మంచం మనిషి భార్యది కనిగిరి. అడగకపోయినా చెప్పే రకం. "మా ఊర్లో ఒకాయనకు ఇట్లనే చదువుకునే పిల్లోడు కుట్లేసినాడంట వదినా. చీము పట్టి మళ్లా విప్పినారంట" అంది.

"ఏ ఆసుపత్రిలో?"

"అదేమో తెలీదు. అనుకుంటాంటే విన్నా."

ఊరూ పేరూ లేని మాటను నేను మామూలుగా లెక్కచెయ్యను. ఆ రోజు చేశాను.

అప్పటినుంచి ఆ పిల్ల మీద ఒక కన్ను వేసి ఉంచాను. మధ్యాహ్నం వరండాలో కిటికీ ఊచ దగ్గర నిలబడి ఉంది. ఏం చేస్తోందా అని పోయి చూశాను. ఊచకు నల్లదారం చుట్టి ముడి వేస్తోంది. ఒక చేత్తో వేస్తోంది, విప్పుతోంది, రెండో చేత్తో వేస్తోంది. ఊచ నిండా ముడులు. నన్ను చూసి, "భోంచేశారా అమ్మమ్మా?" అంది. మా వైపు అవ్వా అంటాం. ఈమె కోస్తా వైపు పిల్ల, మాట తియ్యగా ఉంది. ఆ తియ్యదనం కూడా నాకు నచ్చలేదు.

"ఏం చేస్తాండావు?"

"ప్రాక్టీసు అమ్మమ్మా. కుట్లకు ముడి ఇలాగే వెయ్యాలి."

"చూసేదానికి వచ్చినావు గదా?"

"అవునండి, చూడ్డానికే" అని నవ్వి, ఆ దారాన్ని జేబులో పెట్టుకుని పోయింది. చూడ్డానికి వచ్చినామెకు ముడులు ఎందుకు? మంచం దగ్గరికి వచ్చి మా ఆయనకు చెప్పాను. "నీ కడుపు మీద నేర్చుకోవాలని చూస్తాండారు" అన్నాను. ఆయన మీసం కొస నమలడం మొదలుపెట్టాడు. భయపడ్డాడని తెలిసింది. భయపడితే ఆయనకు అది అలవాటు.

సాయంత్రం ఆ పిల్ల వార్డుబాయ్‌ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. మంచం చుట్టూ తెర లాగారు.

"తాతగారూ, కొంచెం లేచి నిలబడి దగ్గండి."

మనవరాలి వయసు పిల్ల ముందు పంచె జరపడమంటే మా ఆయనకు ప్రాణం పోయినంత పనైంది. గోడవైపు మొహం తిప్పుకుని దగ్గాడు. ఆ పిల్ల వంగి చూసి, ఊదారంగు పెన్నుతో కుడి తొడ మీద పైకి చూసే బాణం ఒకటి గీసింది. "రేపటికి గుర్తు" అంది. ఇంకా ఏదో చెప్పబోయింది గానీ బయటినుంచి ఎవరో పిలిస్తే గబగబా పోయింది.

మా ఆయన ఆ బాణాన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఏమ్మే, రంగేసినారే" అన్నాడు.

ఆయన ఏమంటున్నాడో నాకు విప్పి చెప్పక్కర్లేదు. జీవాలు మేపే ఇళ్లలో బేరం తెగినాక, కొన్నవాడు గొర్రె వెన్ను మీద రంగు పూస్తాడు. పూశాడంటే అది మా దొడ్లో ఉన్నా మాది కాదు. ఆ పూట దాన్ని విడిగా కట్టేస్తాం, పేరు పెట్టి పిలవం. తెల్లారితే కోతకు పోతుంది. ఆ లోపల మనసు మారితే ఇంటివాళ్లు ఆ రంగు తుడిచేస్తారు. తుడిస్తే బేరం చెడినట్టే. కొన్నవాడు నోరెత్తడు, బజానాగా ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకుని పోతాడు. మా తాతల నాటినుంచి అంతే.

"నన్ను ఆ పిల్ల కింద రాసినారు" అన్నాడు మా ఆయన. "రోజూ కోసే పెద్దాయనకు గుర్తెందుకు? ఏ పక్క ఉండాదో ఆయనకు తెలీదా? తెలీనోళ్లకే గుర్తు గావాల."

నాకూ అదే సబబుగా తోచింది. సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, టవలు కొసకు నూనె పెట్టి ఆ తొడ రుద్దాను. అంత సులువుగా పోలేదు. చర్మం ఎర్రబడేదాకా రుద్దితే పోయింది.

"పోయిందా?"

"పోయింది. బేరం లేదు, పండుకో."

ఇద్దరం నిమ్మళంగా నిద్రపోయాం.

తెల్లారి ఆయన్ను తోపుడు మంచం మీద ఆపరేషన్ గది దాకా తీసుకుపోయారు. తలుపు దాకా నన్నూ రానిచ్చారు. పెద్దడాక్టరు వచ్చి దుప్పటి ఎత్తి కుడి తొడ చూశాడు. ఎడమ తొడ చూశాడు. మళ్లీ కుడి తొడ చూశాడు. ఆ పిల్లవైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆమె మొహంలో నెత్తురు లేదు.

"నిన్న సాయంత్రమే పెట్టాను సార్."

"పెట్టుంటే ఏది? పడుకుంటే ఉబ్బు కనపడదని నీకు చెప్పినానా లేదా? మత్తిచ్చినాక ఈయన్ను నిలబెట్టి దగ్గమంటావా? ఏ పక్క కొయ్యాల నేను?" ఆయన గొంతు పెంచలేదు, అందుకే ఇంకా భయమేసింది. "చెయ్యని పని చేసినానని చెప్పేవాళ్లు నా థియేటర్లో వద్దు. నీ సామాను సర్దుకో."

నేను కోరుకున్నది అదే. ఆ పిల్ల లోపలికి పోకూడదు, అంతే. నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ పిల్ల కోటు గుండీలు ఒకటొకటిగా విప్పుతోంది.

పడుకున్న మనిషి లేచి కూర్చున్నాడు.

"సారూ, ఆ బిడ్డ పెట్టింది. మేమే తుడిచినాం."

"ఎందుకు?"

"బేరం చెడగొట్టేదానికి."

డాక్టరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గిద్దలూరు నర్సుకు అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, గొర్రెల రంగు సంగతి ఆయనకు చెప్పింది. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఆ గుర్తు నా కోసమేనమ్మా. నేను పొరపాటున రెండో పక్క కొయ్యకుండా" అన్నాడు.

ఇంతదాకా వచ్చాక నేను ఎందుకు ఆగాలి?

"ఎవురు కోస్తారు సారూ? ఆ మాట చెప్పు."

"నేనే."

"ఈ పిల్లేం చేస్తాది?"

"నేను చెప్పిన చోట పట్టుకుంటాది." ఆ పిల్లవైపు ఒకసారి చూశాడు. "చివర్న పైతోలుకు రెండు మూడు కుట్లు ఏపిద్దామనుకున్నా. నేను పక్కనే ఉంటా."

"మమ్మల్ని అడిగినారా?"

"లేదు."

నా అనుమానం ఊరికే రాలేదన్నమాట. "వద్దు" అన్నాను. "పట్టుకుంటే పట్టుకోనీ. సూది మాత్రం ముట్టగూడదు."

"సరే అమ్మమ్మా, ముట్టుకోను" అంది ఆ పిల్లే, డాక్టరు కంటే ముందు. "ఆ గుర్తు ఎందుకో నిన్ననే మీకు చెప్పాల్సింది నేను."

పెద్దడాక్టరు మా ఆయన్ను మంచం దింపి నిలబెట్టి, దగ్గించి, ఈసారి తన చేత్తోనే బాణం గీశాడు. తలుపు మూసుకుంది.

బయట బల్ల మీద కూర్చుని ఆ తలుపునే చూశాను. కనిగిరి ఆమె వచ్చి పక్కన కూర్చుని, "మాటంటే మాటేనంటావా వదినా? లోపల ఏం జరిగితే మనకేం తెలుస్తాది" అంది. నోరు ముయ్యమన్నాను. కానీ నేనూ అదే అనుకుంటున్నాను.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. పెద్దడాక్టరు మాస్కు కిందికి లాగి, "బాగా అయింది. పేగు బాగుంది" అన్నాడు.

"కుట్లు ఎవురేసినారు?"

ఆయన మొదటిసారి నవ్వాడు. "మీ ఆయన్ను అడుగమ్మా."

మా ఆయనకు నడుం కింద మాత్రమే మత్తు. మాట బాగానే ఉంది. మంచానికి మార్చాక చెప్పాడు. మధ్యలో గుడ్డ అడ్డం కట్టారట, ఏమీ కనపడదట, మాటలు వినపడుతున్నాయట. అంతా అయిపోతోందని తెలిశాక ఆయనే, "ఆ బిడ్డ ఉండాదా?" అని అడిగాడట. "ఇక్కడే ఉన్నాను తాతగారూ" అందట. "కుట్లు నువ్వే ఏయ్" అన్నాడట. పెద్దడాక్టరు ఒకటికి రెండుసార్లు అడిగి, అప్పుడు సూది ఇచ్చాడట.

నాకు ఒళ్లు మండింది. "నేను వద్దని చెప్పి పంపితే నువ్వు ఏయమంటావా? నన్నడగకుండా?"

"తోలు నాది" అన్నాడు. "సారు దాన్ని సామాను సర్దుకోమనె. మనం జేసిన పనికి ఆ బిడ్డ పోవాల్నా?"

"జాలిపడేదానికి ఇంకేం దొరకలే నీకు? నీ కడుపే దొరికిందా?"

కనిగిరి ఆమె తన మొగుడి మంచం దగ్గరినుంచి ఇదంతా వింటూ ఉంది. ఊరికి పోయి ఎవరెవరికి చెప్పిందో.

కట్టు మార్చే రోజు ఆ పిల్లే వచ్చింది. దూది తీయగానే నేను వంగి చూశాను. వాపు లేదు, చెమ్మ లేదు. నల్లటి కుట్లు వరసగా ఉన్నాయి. ఒకటి మాత్రం పక్కకు ఒరిగి ఉంది.

"వీటిలో నీవి యేవి?"

పైనున్న రెండు మూడు చూపించింది. వంకరది వాటి కిందే ఉంది.

"ఇదో, ఇది వంకరుండాది."

"అది సార్ వేసింది అమ్మమ్మా."

కుట్లు లాగుతాయని మా ఆయన పొట్ట అదిమి పట్టుకుని నవ్వాడు. నేను ఆ పిల్ల కళ్లలోకి చూశాను. అది నిజమో, అప్పటికప్పుడు కల్పించి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దడాక్టరు ఆ సమయానికి అక్కడ లేడు.

ఇంటికి వచ్చాక రోజూ పొద్దున ఆయన పంచె జరిపి ఆ కుట్ల చోటు చూశాను. ఆయన తిట్టాడు, నేను చూశాను. గాయం మాని గీతలాగా మిగిలాక కూడా, ఆ వంకర ఉన్న చోట వేలు పెట్టి నొక్కి, నొప్పి ఉందా అని అడిగేదాన్ని. లేదనేవాడు. ఆయన మాట మాత్రం ఎట్లా నమ్మేది? ఆ ఉబ్బును అన్నేళ్లు నా దగ్గర దాచిన మనిషి.