బిగించిన స్క్రూ మళ్లీ తిరిగింది

మొన్న మా షెడ్డుకు కొత్త స్క్రూడ్రైవరు ఒకటి వచ్చింది. స్క్రూ ఎంత బిగియాలో దానికి ముందే అమర్చి పెడితే, అంత బిగియగానే టిక్కుమంటుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా పిడి తిరుగుతుందే గాని స్క్రూ కదలదు. యాభై దాటినదాన్ని, పనీపాటా లేనట్టు వైర్ల కొసలు బిగించే పాత టెర్మినల్ పట్టీ ఒకటి ముందేసుకుని పొద్దున్నుంచీ టిక్కుటిక్కుమనిపిస్తూ కూర్చున్నాను. మా చిన్నాన్న ఉంటే ఈ వస్తువును ఏమనేవాడో అని ఒకటే కుతూహలం. బిగువు ఎంతో ఆయనకు మణికట్టే చెప్పేది. కర్నూల్లో, ఈ షెడ్డులోనే, ఫ్యాక్టరీలకూ పొలం మోటార్లకూ కంట్రోల్ ప్యానెళ్లు కట్టడం నాకు నేర్పింది ఆయనే. ప్యానెల్ అంటే మరేం లేదు, మోటారును నడిపే, ఆపే, కాపాడే సరంజామా అంతా ఉండే ఇనప పెట్టె. తలుపు తీస్తే లోపలంతా వైర్లే.

ఈ పనికి రాకముందు చిన్నాన్న మైదుకూరులో రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాయి గాని ఆయన చేతి పనితనం పోలేదు. వైరు తొక్క తీయడం ఆయన దగ్గరే చూడాలి. పనికొచ్చినవాళ్లెవరైనా వైరును పళ్ల మధ్య పెట్టి లాగితే ఆ పూటకు వాళ్లతో మాటల్లేవు. రాగి పోగుల మీద గీటు పడకూడదు. పోగు ఒక్కటి తెగినా ఆ కొస కత్తిరించి మొదటికి రావాల్సిందే. తీసే తొక్క బొటనవేలి గోరంత. ఎక్కువైతే రాగి బయటికి కనబడుతుంది, తక్కువైతే స్క్రూ కింద తొక్క ఇరుక్కుంటుంది. ఇదంతా అయ్యాక ఆయన సొంత ముద్ర ఒకటుండేది. పోగుల్ని మెలివేసి, కొసకు సోల్డరింగ్ సీసం పూసి, వెండి పుల్లలా మెరిపించి, అప్పుడు గాని టెర్మినల్లో పెట్టి స్క్రూ బిగించేవాడు కాదు. రేడియో మనిషికి సీసం పడకపోతే అది అతుకే కాదు మరి. వేరే షెడ్లవాళ్లు పోగుల మీద చిన్న రాగి గొట్టం తొడిగి పట్టకారుతో ఒత్తేసేవాళ్లు. దాన్ని లగ్గు అంటారు. అది బద్ధకస్తుల పని అని చిన్నాన్న తీర్మానం. ఆ మెరుపు చూసి నేనూ మురిసిపోయేదాన్ని. సీసం పొగ వాసన నాకిప్పటికీ ఇష్టమే, ఏం చేయను!

మైదుకూరు పక్క పల్లెలో పసుపు వేసే రైతు ఒకాయన, రేడియోల కాలం నుంచీ చిన్నాన్నకు స్నేహితుడు, తన బోరు మోటారుకు మా ప్యానెల్ పెట్టించుకున్నాడు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మడులన్నీ బోరు మీదే ఆధారం. పొలానికి కరెంటిచ్చేది పగటిపూట. సరిగ్గా ఎండ ముదిరే వేళకు మోటారు ఉన్నట్టుండి ఆగిపోయేది. ఫోన్ రాగానే చిన్నాన్నా నేనూ బస్సెక్కి పోవడం, వదులై వైర్లను వేడెక్కిస్తున్న స్క్రూలన్నీ ఆయన ఒకసారి బిగించడం, మోటారు బుద్ధిగా నడవడం. పదిహేను రోజులకు మళ్లీ అదే కథ. మూడోసారి చిన్నాన్నకు కోపమొచ్చింది. నేను బిగించిన స్క్రూ వదులు కాదు, ఎవరో పెట్టె తెరిచి చెయ్యి పెడుతున్నారు, నువ్వో నీ మనుషులో అని మొహం మీదే అనేశాడు. రైతు గొడవపడలేదు. పెట్టెకు తాళం వేసి, చెవి తెచ్చి చిన్నాన్న చేతిలో పెట్టాడు.

"ఈ బీగంచెవి నీ దగ్గరే పెట్టుకోప్పా. మల్లా నిలిచిపోతే అప్పుడు మాట్లాడు" అన్నాడు.

చిన్నాన్న దాన్ని జేబులో వేసుకుని తిరుగు బస్సెక్కాడు. పదిహేను రోజులు కాకముందే మోటారు మళ్లీ నిలిచిపోయింది. పోయి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది. చిన్నాన్న స్క్రూడ్రైవరు పెడితే, తను బిగించిన స్క్రూయే మళ్లీ పావు చుట్టు తిరిగింది. తాళంచెవి రైతుకిచ్చేసి, రోజూ ఓసారి బిగించుకోమని స్క్రూడ్రైవరు కూడా ఇచ్చి వచ్చేశాడు.

ఎవరూ ముట్టని స్క్రూ ఎట్లా తిరుగుతుంది? అన్నం తింటున్నా నాకదే ధ్యాస. చివరికి టెర్మినల్ పట్టీ ఒకటి తీసుకుని, సీసం పూసిన కొసలు నాలుగు, లగ్గు ఒత్తిన కొసలు నాలుగు పెట్టి, అన్నీ చిన్నాన్న చేతనే బిగింపించాను. స్క్రూ తల మీదుగా పట్టీ దాకా నా గోళ్లరంగుతో సన్నగా గీతలు గీసి, మా షెడ్డు రేకు మీద ఎండకు పడేశాను. కర్నూలు ఎండకు ఆ రేకు మీద అప్పడాలు వేగుతాయి. రెండు వారాలకు దించి ఆయన ముందు పెట్టినప్పుడు మాత్రం నాకు భయమేసింది. తేడా సీసంలో ఉందని తేలితే అది ఒక్క పసుపు మడితో పోదు. ఇరవై ఏళ్లుగా కోడుమూరు నుంచి కడప దాకా ఆయన కట్టిన ప్రతి ప్యానెల్లోనూ అదే సీసం.

గీతలన్నీ గీసినట్టే ఉన్నాయి, అంటే ఏ స్క్రూ తనంతట తిరగలేదు. ఆయన స్క్రూడ్రైవరు పెట్టి బిగిస్తే లగ్గుల స్క్రూలు కదల్లేదు. సీసం స్క్రూలు నాలుగూ తిరిగాయి, గీతలు నాలుగూ విరిగాయి. ఒక వైరు ఊడదీసి చూశాడు. వెండిలా మెరిసే కొస స్క్రూ కింద అణిగి, పక్కలకు జారి పలచబడింది. దాన్నే తిప్పి తిప్పి చూశాడు.

"సీసం మెత్తంది పాపా. ఒత్తేకొద్దీ జరుగుతాంటాది. రేడియోలో దాన్ని ఒత్తేటోళ్లు ఎవరూ లేరు గదా" అన్నాడు. తర్వాత, నాతో కాదన్నట్టు, "ఎంత చక్కంగా చేస్తినో తప్పును" అన్నాడు.

మర్నాడే పల్లెకు పోయాం. వెండి కొసలన్నీ కత్తిరించి, కొత్తగా తొక్క తీసి, లగ్గులు ఒత్తి బిగించాడు. పని అయ్యాక చేతులు కడుక్కోకుండానే రైతు దగ్గరికి పోయి, నిన్ను అనరాని మాటన్నాను, తప్పు నాది అన్నాడు. రైతు మడిలోనే కూర్చుని ఉన్నాడు.

"పైరు ఎట్లో బతికిందిలేప్పా. నువ్వు మల్లా నా గడప తొక్కుతావో లేదో అని శానా దిగులు పడితి" అన్నాడు.

ఆ తర్వాత ఏడాది పొడుగునా చిన్నాన్న తను కట్టిన ప్యానెళ్లు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ తిరిగాడు. బండల పాలిషింగ్ షెడ్లు, నూనె మిల్లులు, బోర్లు. చాలావాటికి అప్పటిదాకా ఏ జబ్బూ లేదు. బాగున్నదాన్ని ఏల కోస్తావప్పా అని యజమానులు అడిగితే, "ఇంకా చెడలేదంతే" అనేవాడు.

ఆయన పోయి చాన్నాళ్లయింది. ఇప్పుడు నాది అప్పటి ఆయన వయసు. నేను రోజూ ఇంత పొందిగ్గా, ఇంత నమ్మకంగా చేసే పనుల్లో తప్పు ఏదో నాకు తెలియదు, కాలం ఇంకా చెప్పలేదంతే.