షాజ్లీ ప్లేయర్‌కి పడ్డ గాటు

పోర్ట్ సయీద్‌లో నా అంత కరెంటు పనివాడు లేడు. ఇది నా మాట కాదు, కాలువలో పోయే ఓడలన్నిటికీ తెలుసు. నేను మొదటిసారి కరెంటున్న తీగని కత్తిరించినప్పుడు అవతలి ఒడ్డున పోర్ట్ ఫువాద్ దీపాలన్నీ రెపరెపలాడాయి. లంగరేసి ఉన్న గ్రీకు ఓడ ఒకటి యుద్ధం వచ్చిందనుకుని సైరన్ మోగించింది. నమ్మనివాళ్లు వచ్చి నా కటింగ్ ప్లేయర్ చూసుకోవచ్చు. దాని అంచున పెసరగింజంత గాటు ఉంటుంది. మెరుపుకి ఇనుము కరిగి పడిన గాటు అది. దాంట్లో తీగ పెట్టి లాగితే తొడుగు అరటితొక్కలా ఊడొస్తుంది. పారిశ్రామిక పాఠశాల వాళ్లు నన్ను రెండో ఏడే భరించలేక బయటికి పంపారు కనక నా దగ్గర కాగితం లేదు. ఆ గాటే నా పట్టా. మా ఊళ్లో పాతకాలపు పనివాళ్లందరికీ అదే పట్టా.

షాజ్లీ ప్లేయర్‌కీ ఉంది గాటు. కాకపోతే అది వాడి చేతి పొరపాటుతో పడ్డది కాదు.

ఉస్తా మెగాహెద్ కొట్లో నేనూ షాజ్లీ ఒకేసారి చేరాం. ఉస్తా అంటే పని తెలిసిన పెద్దవాడని. ఆ మాట అనిపించుకోవడం కోసమే మేం ఆయన సంచి మోసేవాళ్లం. ఆయన కొట్లో నేర్చుకునేవాడికి పనిముట్లు ఇవ్వరు. ఎవడివి వాడే కూడబెట్టుకోవాలి. "సంచి నిండిన రోజున నా నోటితో ఉస్తా అని పిలుస్తాను, అందాకా మీరిద్దరూ గాడిదలే," అనేవాడు.

నా సంచి తొందరగానే నిండింది. సుత్తి మా అమ్మమ్మని అడిగి తెచ్చాను, ఆవిడ ఈనాటికీ దాని కోసం వెతుకుతూనే ఉంది. షాజ్లీ అలా కాదు. ఓడల తుక్కులో పిడి ఊడిన స్క్రూడ్రైవర్ దొరికితే, జామకొమ్మ చెక్కి, నూనె పట్టించి, తన అరచేతికి సరిపోయే పిడి వేసుకున్నాడు. అరిగిపోయిన ఆకురాయిని కమ్మరి చేత సాగగొట్టించి ఉలి చేయించుకున్నాడు. చేపలు కోసే కత్తిని పొట్టిగా నూరి తీగ వలిచే చాకు చేశాడు. పాత తెరచాప గుడ్డతో సంచి కుట్టి, ఒక్కోదానికి ఒక్కో అర పెట్టాడు. కళ్లకు గంతలు కట్టినా వాడి చెయ్యి కావలసిన అరలోకే పోయేది.

తీగలో కరెంటుందో లేదో చూసే టెస్టర్ మాత్రం ఉస్తాయే ఇచ్చాడు. సొంత జేబులోంచి తీసి వాడి జేబులో పెట్టాడు. "ఇది నా పెళ్లికి ముందునించీ నాతో ఉంది. ఇక నీది." నాకివ్వలేదు చూడండి! ఆ పూట నేను టీ కూడా ముట్టలేదు.

ఇక మిగిలింది ప్లేయర్ ఒక్కటే. బజారులో దొరికేవాటి పిడుల తొడుగు ఉల్లిపొరంత పల్చన. షాజ్లీ వాటిని పిసికి చూసి పెట్టేసేవాడు. వాళ్ల నాన్న హసబల్లా బాబాయి ఒకప్పుడు పడవేసుకుని ఓడల దగ్గరికి పోయి, నావికులకి తోలు దిండ్లూ ఇత్తడి ఒంటెలూ అమ్మేవాడు. మోకాళ్లు పట్టేశాక మానేశాడు. ఆయనకో నీలం ఉన్ని కోటు ఉండేది. ఎవరో నార్వే కెప్టెన్ ఇచ్చిందట. దాని జేబులో మా వీధి పిల్లి ఈనిందని నేను చెబితే అందరూ నమ్మేవాళ్లు, అంత లోతు జేబులు.

ఒక చలికాలం పొద్దున ఆయన మళ్లీ పడవెక్కాడు. తిరిగి వచ్చేసరికి ఒంటిమీద చొక్కా ఒక్కటే ఉంది. పళ్లు టకటకలాడుతున్నాయి. చేతిలో మాత్రం ఎర్ర పిడుల జర్మనీ ప్లేయర్.

"కోటేది నాన్నా?"

"ఆ ఓడలో కరెంటు పనివాడికి చలేస్తోందిరా పాపం. నాకేం, పొయ్యి ఉంది, మీ అమ్మ తిట్లున్నాయి. వెచ్చగానే ఉంటుంది."

షాజ్లీ దాన్ని గుడ్డలో చుట్టి కొట్టుకి తెచ్చాడు. ఉస్తా పకపకా నవ్వాడు.

"ఏంట్రా, పసిగుడ్డుని ఎత్తుకొచ్చినట్టు తెచ్చావు? పాలు పట్టావా?"

"గాటు పడితే గానీ అది పెద్దది కాదులే," అన్నాను నేను.

"దీనికి పడనివ్వను."

"ఒక్కటి కూడానా?" అన్నాడు ఉస్తా.

"ఒక్కటి కూడా పడనివ్వను ఉస్తా. ఇది మా నాన్న కోటు."

ఉస్తా టీగ్లాసులోకి చూస్తూ తల ఊపాడు. "ఇంత జాగ్రత్త అయితే వీడికి గడ్డం నెరిసినా గాటు పడదు. గాటు లేనివాణ్ణి నేను ఉస్తా అని ఎలా పిలిచేది?" అన్నాడు. ఊరికే అన్నాడనుకున్నాం.

అది జరిగిన కొన్నాళ్లకి దౌలత్ అమ్మగారింట్లో పని తగిలింది. చెక్క వసారాల పాత ఇల్లు, మేడ మీద తీగలన్నీ మార్చాలి. ఫ్యూజుల పెట్టె కింద మెట్ల దగ్గరుంది. నిచ్చెనెక్కినవాడి జేబులోనే ఫ్యూజు ఉండాలన్నది మా పద్ధతి. అది జేబులో ఉన్నంతసేపూ ఎవరూ కింద పొరపాటున తగిలించలేరు. ఆ రోజు ఉస్తా తనే కిందికి దిగి వెళ్లి, పింగాణీ ఫ్యూజు తెచ్చి షాజ్లీ అరచేతిలో పెట్టాడు.

"మేడ ప్రాణం ఇదిగో. జేబులో వేసుకుని ఎక్కు."

షాజ్లీ ఎక్కాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. వాడు అలవాటుగా టెస్టర్ తీశాడు.

"అదెందుకురా?"

"ఒక్కసారి చూసి కత్తిరిస్తా ఉస్తా."

"నా చేత్తో తీసి నీ చేతిలో పెట్టానా లేదా? నా మాటకే టెస్టర్ పెడతావా? అదీ నేనిచ్చిన టెస్టరు!"

మా కొట్లో ఉస్తా మాట తర్వాత పరీక్షించడమంటే ఆయన్ని నమ్మక ఒట్టు వేయించుకోవడమే. షాజ్లీ చెవులు ఎర్రబడ్డాయి. టెస్టర్ జేబులో పెట్టేశాడు. గుడ్డ విప్పి, ప్లేయర్ తీసి, జంట తీగని దాని నోట్లో పెట్టి నొక్కాడు.

ఫెళ్లుమంది. నీలి మంట ఎగిసింది. ఇక్కడ మామూలుగా నేనైతే ఓడ సైరన్ కలుపుతాను. ఈసారి కలపను. నా చేతుల్లో నిచ్చెన వణికింది, అది వాడి వణుకు. పొగ తగ్గాక వాడి మొహం మసిబారి కనిపించింది, కళ్లు మాత్రం తెల్లగా.

"పడింది! మబ్రూక్ ఉస్తా షాజ్లీ!" అని ఉస్తా అభినందిస్తూ చప్పట్లు కొట్టాడు. దౌలత్ అమ్మగారు లోపల్నించి గులాబీ షర్బత్ పళ్లెంతో వచ్చేసింది. గ్లాసులు ముందే నింపి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది నాకు.

షాజ్లీ దిగాడు. తిన్నగా కిందికి పోయి పెట్టె చూసి వచ్చాడు.

"ఇది కింది గోదాముది."

"మరి! లేకపోతే నీకు ఈ జన్మలో పడేదా? మా ఉస్తా కూడా నాకిలాగే చేశాడురా. మొహం అలా పెడతావేం?"

"పిడుల తొడుగులు గట్టివి కాబట్టి బతికాను."

"గట్టివని చూసుకునే కదా చేశాను! నిన్ను చంపుకుంటానా?"

"టెస్టర్ పెడితే మీ మాట మీద నమ్మకం లేనట్టన్నారు."

ఉస్తా పళ్లెంలోంచి ఒక గ్లాసు తీశాడు. "ఉస్తా అని పిలిచాను కదరా, దానికోసమే కదా ఇన్నాళ్లూ..." అంటూ గ్లాసు చేతికివ్వబోయాడు. షాజ్లీ తన జేబులోంచి టెస్టర్ తీసి పళ్లెంలో, గ్లాసుల మధ్యన పెట్టాడు. ఆ పక్కన ఫ్యూజు కూడా పెట్టాడు. సంచి చుట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఉస్తా అని పిలిపించుకోవాలని ఎన్నాళ్లుగానో కాచుకున్నవాడు, ఆ పిలుపుకి వెనక్కి కూడా తిరగలేదు.

నేను వాడి వెనకే పరిగెత్తాను. ఇంటి దగ్గర హసబల్లా బాబాయి దుప్పటి కప్పుకుని ఎండలో కూర్చున్నాడు. ప్లేయర్ తీసుకుని బొటనవేలితో అంచు తడిమాడు. వేలు గాటు దగ్గర ఆగింది.

"ఎవరు చేశార్రా?"

"నేనే నాన్నా. చూసుకోలేదు."

నేను నోరు తెరవబోతే షాజ్లీ నా కాలు తొక్కాడు. బాబాయి దగ్గు ఆపుకుని, "పోన్లే, తీగ వలుచుకోవడానికి పనికొస్తుంది," అన్నాడు.

షాజ్లీ ఆ గాటులో ఏనాడూ తీగ పెట్టలేదు. ఈరోజుకీ చాకుతోనే వలుస్తాడు. ఇంకో టెస్టర్ కొనుక్కుని, ఒంటరిగా పని చేసుకుంటూ ఊరంతటి చేతా ఉస్తా అనిపించుకున్నాడు. మెగాహెద్ ఎదురుపడితే సలాం చెప్పేవాడు, అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు.

మొన్న చలికాలంలో మెగాహెద్ ఇంట్లో తీగలు కాలాయి. ఆయన చేతులు ఇప్పుడు స్క్రూ కూడా పట్టలేవు. షాజ్లీని పిలవమని నన్నే పంపాడు. వాడు రాడనుకున్నాను. సంచి తీసుకుని వచ్చాడు.

మెట్ల పైన ముసలాయన అరచేతిలో ఫ్యూజు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేనే దిగి తీశాను ఉస్తా. ఇదిగో," అన్నాడు షాజ్లీతో.

షాజ్లీ దాన్ని మర్యాదగా తీసుకుని జేబులో వేసుకున్నాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. కింద ఫ్యూజుల పెట్టె మూత కిర్రుమంది.

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ వేళకి ఏదీ అందలేదు.

"ఈసారి సరైనదే ఇచ్చాను ఫిక్రీ," అన్నాడు ముసలాయన నాతో.

"తెలుసు ఉస్తా."

సరైనదే. షాజ్లీ పైకి వచ్చాడు. నిచ్చెన ఎక్కాడు. టెస్టర్ తీసి తీగ మీద పెట్టి చూశాడు. మళ్లీ పెట్టి చూశాడు. మెగాహెద్ కిటికీ వైపు తిరిగాడు. కాలువలో ఓడ ఒకటి పోతోంది. సైరన్ వేయలేదు.