నాగేంద్ర కొన్న దొన్నెలు

పుంగనూరు బజారువీధిలో నాగేంద్ర ఫ్యాన్సీ స్టోరు తెరిచింది 1992లో. బెంగళూరు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మలు, తళుకు కాగితాల్లో చుట్టిన పెండ్లి కానుకలు, మూలన ఫ్రీజరులో కప్పు ఐస్‌క్రీములు. ఎనిమిదేళ్లు ఆ చుట్టుపక్కల ఎవరింట పుట్టినరోజైనా నాగేంద్ర అంగడికే వచ్చేవాళ్లు.

2000లో ఎదురుగా మూతపడిన టైలరు గదిని మాలతి బాడుగకు తీసుకుంది. ఆమె పుట్టిల్లు మదనపల్లె. భర్త శివకుమార్ సదుంలో టీచరు. ఐస్‌క్రీము తానే చేసేది. ఎండాకాలం మామిడి, చలికి ముందు సీతాఫలం. పండు కాలం అయిపోతే ఆ ఐస్‌క్రీమూ ఉండదు. కప్పులకు బదులు మోదుగాకు దొన్నెలు. కానుకలంటే వెదురు పెట్టెలు, కొయ్యబొమ్మలు. వాటిని కూడా పాత చీర ముక్కల్లో చుట్టి ఇచ్చేది.

"ఆకులో ఐస్‌క్రీమంట! ఆర్నెల్లు నిలవదు సూడండి" అని నాగేంద్ర వచ్చినవాళ్లందరితో చెప్పి నవ్వాడు.

ఆర్నెల్లయింది, ఏడాదయింది. నవ్వు ఆగిపోయింది. చిల్లర ఇస్తున్నా అతని చూపు వీధి అవతలే. ఒకరోజు అతని చిన్ననాటి స్నేహితుడు చిన్నప్ప చేతిలో దొన్నెతోనే అంగడి మెట్లెక్కి, "సీతాఫలం బాగుండాదప్పా, గింజ ఒకటీ తగల్లేదు" అన్నాడు. ఆ మధ్యాహ్నం నాగేంద్రకు అన్నం దిగలేదు. ఆమె బోర్డు మీద అక్షరాలు వంకర, ఆమెకు మాటలెక్కువ, అని కూర్చుని తప్పులు వెతికేవాడు. ఎన్ని దొరికినా ఎదుటి అంగడిలో జనం తగ్గలేదు.

2002లో, ఊరి జాతరకు పది రోజుల ముందు, ఆ దొన్నెలు గుడుపల్లె అక్కమ్మ కుట్టి పంపుతుందని అతనికి తెలిసింది. తెల్లారే బస్సెక్కి కుప్పం చేరి, అక్కడినుంచి గుడుపల్లె పోయాడు.

"ఉండేవన్నీ కావాల్నా? ఇంట్లో పెండ్లా అప్పా?" అంది అక్కమ్మ.

"పెండ్లేనమ్మా."

"మాలతమ్మకు మాటిచ్చినానే."

"ఆయమ్మకు జాతరైనాక ఇద్దువులే. పెండ్లి ఆగుతుందా?"

నాలుగు గోతాల దొన్నెలు తెచ్చి ఇంటి వెనక గదిలో పడేశాడు. చాన్నాళ్ల తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

జాతర నాటి పొద్దున మాలతి అంగడి ముందు పలక వేలాడింది: "దొన్నెలు లేవు. ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకోండి. తెచ్చినవాళ్లకు ఒక గరిటె ఎక్కువ."

నాగేంద్ర ఫ్రీజరు నిండా కప్పులు నింపి కాచుకున్నాడు. మధ్యాహ్నానికి జనం వచ్చారు, ఎదుటి అంగడికి. చేతుల్లో స్టీలు గ్లాసులు, గిన్నెలు. ఒక ముసలమ్మ ఏకంగా చెంబు పట్టుకుని వచ్చింది. వీధంతా నవ్వులు. ఆ వరసలో నుంచి నాగేంద్ర భార్య వసుధ బయటికొచ్చింది. ఆమె చేతిలోది తమ పెండ్లికి వచ్చిన గ్లాసు. దాని మీద ఇద్దరి పేర్లూ చెక్కి ఉన్నాయి.

"నువ్వు గూడానా?" అన్నాడు.

"ఊరంతా పోతాండాది, నేను పోతే ఏమి? ఒక ముద్ద తిని సూడు."

తిన్నాడు. బాగుంది. బాగుందని తెలిసేకొద్దీ కడుపు ఇంకా మండింది.

మర్నాడు చీపురు కోసం వెనక గదిలోకి పోయిన వసుధ గోతాలు చూసింది. విప్పి చూసి, సంగతి అర్థం చేసుకుని, "ఆయమ్మ నీకేం సేసింది?" అని అడిగింది.

వారం తర్వాత అక్కమ్మే ఇంకో గోతాం నెత్తిన పెట్టుకుని నాగేంద్ర అంగడికి వచ్చింది. "పెండ్లి బాగా జరిగిందా అప్పా? నీ పుణ్యాన ఇంకో ఇద్దరాడోళ్లను పనికి పెట్టుకున్నా. మళ్లీ ఎన్ని కావాల?"

నాగేంద్రకు తల కొట్టేసినట్టయింది. ఆమెను వెంటబెట్టుకుని వీధి దాటాడు.

"మాలతమ్మా, ఆ దొన్నెలు కొనింది నేనే. నీకు దొరక్కూడదనే కొన్నా."

మాలతి చేతులు తుడుచుకుంటూ, "తెలుసన్నా" అంది. "పుంగనూరు బజారువీధాయన ఇంట్లో పెండ్లని అక్కమ్మ సెప్పింది. మన వీధిలో పెండ్లి యాడుండాది?"

"తెలిసీ అడగలేదే?"

"అడిగితే కొట్లాడాల. జాతర పని పెట్టుకుని కొట్లాటకు తీరికేదన్నా?"

నాలుగు గోతాలూ ఆమెకే చేర్చాడు. గదిలో ఎండిపోయి సగం దొన్నెలు బీటలు వారాయి. ఆమె తిట్టి ఉంటే తేలికపడేవాడు. తిట్టలేదు. ఇప్పుడు ఆ నిబ్బరం మీద కూడా కుళ్లు పుట్టింది అతనికి.

2006లో మాలతి మదనపల్లెలో ఇంకో అంగడి తెరిచింది. వారంలో నాలుగు రోజులు అక్కడే ఉండాలి. పుంగనూరు అంగడిలో కూర్చోమని వసుధను అడిగింది. వసుధ భర్తను అడక్కుండానే సరేనంది. నాగేంద్ర అప్పటికి ప్లాస్టిక్ కప్పులు మానేసి, ఒక అరలో కొయ్యబొమ్మలు పెట్టాడు. అడిగిన వాళ్లకు అది వసుధ పోరు వల్లేనని చెప్పేవాడు. సాయంత్రాలు గల్లా దగ్గర కూర్చుని ఎదుటికి చూసేవాడు. జనం ఇప్పటికీ అవతలే ఎక్కువ. వాళ్లతో మాట్లాడుతూ తన భార్య అంతగా నవ్వడం అతను తన అంగడిలో ఎప్పుడూ చూడలేదు.